మగ్గం చప్పుడు విని మురిసిపోయాను

మా ఆయన కూడా నీలాగే ఒకరోజు తన చేతులతో తనే ప్రాణం తీసుకుంటాడేమో, నాకు అన్నిటికన్నా పెద్ద భయం అదే అన్నా, అని పరుగెత్తుతూనే చెబుతున్నాను. మా అన్న భావన్నారాయణ నా ముందు పరుగెత్తుతున్నాడు, పోయి నాలుగేళ్లయినా చొక్కా నలగలేదు, మా పుట్టింటి వీధి పొడుగునా గంజి పెట్టడానికి సాగదీసిన పడుగు దారాల కింద ఇద్దరం చిన్నప్పటిలా వంగి దూసుకుపోతున్నాం, ఆ దారాలు వీధి దాటి, రైలు గేటు దాటి, ఎక్కడో సముద్రంలోకి దిగిపోతున్నాయి, తల తగిలితే నాయన తంతాడని భయం, అయినా నవ్వు ఆగడం లేదు.

"ఆగన్నా, ఆయాసం!"

"ఒక పిల్లని కన్నావో లేదో ముసలమ్మవైపోయావా? పరిగెత్తవే తిరపతీ!"

"నీకో సంగతి చెప్పాలి, ఆగితేనే చెప్తా. మీ బావ మగ్గంలో కూర్చున్నాడు! మూడు రోజులైంది!"

అన్న ఆగుతాడు. మేము ఆగిన చోటు వీధి కాదు, బస్సు, కాని కిటికీల్లోంచి మా బడి గోడ కనిపిస్తోంది, సీట్ల మధ్య నీళ్లు పారుతున్నాయి, ఎవరూ దాన్ని వింతగా చూడడం లేదు. నాకు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి గురించి చెబుతున్నాను, పాప ఏడ్చినా తల తిప్పలేదని, అత్త దిష్టి అని తాయెత్తు కట్టించిందని, నేను మాత్రం పాపను చంకనేసుకుని, ఆయన చెయ్యి పట్టుకుని, రెండు బస్సులు మారి పెద్దాసుపత్రిలో మనసు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లానని, మాత్రలు నా చేత్తోనే వేస్తున్నానని.

"ఆడ కాయితాలన్నీ నేనే నింపానన్నా. ఒక్క తప్పు లేదు."

"ఎనిమిదో తరగతి ఊరికే పోలేదే!"

"తొమ్మిదిక్కూడా పంపుంటే ఆ కుర్చీలో డాక్టరమ్మని నేనే అయ్యేదాన్ని."

"పంపుదామనే అన్నానే. నూలు కండెలు చుట్టేదానికి మనిషి లేదన్నాడు నాయన. ఇంకొంచెం గట్టిగా అనాల్సింది." అన్న నీళ్లలోకి చూస్తాడు. "ఆ మాట నీతో అనేదానికి టైము దొరకలా."

"పోనీలే," అంటాను, నాకిప్పుడు కోపం లేదు, సంబరం పట్టలేకుండా ఉంది, "వీధిలో అందరూ ఒకటే మాట, మీ మగ్గం పలుకుతోంది తిరపతమ్మా, ఇంక నీ కష్టం తీరిందే అని. గదిలోకి పోయి కదిలించమాక, మళ్లీ మానేస్తాడు అంది అత్త. అందుకే నేను పోవడం లేదు, వంటింట్లోంచి వింటున్నా."

"వింటన్నావా," అంటాడు అన్న, "అయితే ఇది విను."

బస్సు ఎప్పుడు ఆగిందో తెలియదు, అన్న మా ఇంటి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, తాడు గుంజుతున్నాడు, కండె పెట్టి అడ్డపోగు వేసే నాడె అటూ ఇటూ ఉరుకుతోంది, టకటక టకటక, ఎంత హుషారుగా ఉందంటే నేను తిరునాళ్లలో పిల్లలా చప్పట్లు కొడుతున్నాను.

"ఎట్టా ఉంది?"

"చాలా బాగుందన్నా!"

"అమ్మా అట్టాగే అంది."

చీర ఎంతవరకు వచ్చిందో చూద్దామని వంగుతాను. చీర లేదు. నిలువు పోగులు తప్ప ఏమీ లేదు, అడ్డంగా ఒక్క పోగు పడలేదు. ఎగురుతున్న నాడెను చేత్తో పట్టుకుంటే పిట్ట ఈకంత తేలిక, లోపల కండె లేదు, దారం లేదు.

"ఇదేందన్నా? ఉత్త నాడె ఆడిస్తన్నావా?"

"నేసే ఓపిక లేదే. చప్పుడాగితే అమ్మ పరిగెత్తుకొచ్చి ఏమైందిరా అంటది. ఏమని చెప్పేది?"

"నేను చివరిసారి నిన్ను చూసేదానికొచ్చిన రోజు కూడా?"

"ఆ రోజు కూడా. గుమ్మంలో నిలబడి అన్నం తిన్నావా అన్నావు, తిన్నానని చెప్పా, బస్సు టైమైందని పోయావు." అన్న నవ్వుతూనే అంటున్నాడు, దెప్పుతున్నట్టు లేదు.

"మరేం అడగాలన్నా? చచ్చిపోవాలనుందా అని ఎవరన్నా అడుగుతారా?"

"అడగాల."

"అడిగితే, లేని ఆలోచన నేనే పెట్టినట్టవదా?"

"పిచ్చిమొహమా, నాకు అది తప్ప ఇంకో ఆలోచన ఉంటేగా! ఎవురన్నా అడిగితే బాగుండని తలుపు కాడికే చూస్తా కూర్చున్నా."

"అడిగితే చెప్పేవాడివా?"

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, వెచ్చగా ఉన్నాయి. "మొదటిసారి అబద్ధం చెప్పేవాణ్ణే. రెండోసారి అడిగితే చెప్పేవాణ్ణి." తర్వాత నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, "బావని అడిగావా?" అంటాడు.

అన్న నాడె వదిలేశాడు, రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి, అయినా చప్పుడు ఆగడం లేదు, టకటక టకటక, "పోవే, లే, పో!" అని అన్న అరుస్తున్నాడు.

కళ్లు తెరిస్తే మధ్యాహ్నం ఎండ, ఉయ్యాల్లో పాప నిద్రపోతోంది, పక్కగదిలో మగ్గం మోగుతూనే ఉంది. పరుగున వెళ్లాను. ఆయన పక్కన బుట్ట ఉంది. మూడు రోజుల కిందట నేను నిండా చుట్టి ఇచ్చిన నీలం కండెల మీద కప్పిన గుడ్డ కూడా తీయలేదు.

గుంట అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. చప్పుడు ఆగింది. "ఏమైందిరా?" అని వీధి అరుగు మీదనుంచి అత్త కేకేసింది. "మీరు పాపను చూడండి అత్తా," అని, ఆయన్ని అడిగాను. ఆ మాటే, సూటిగా.

"ఏం మాటలే అవి, పో," అన్నాడు.

మళ్లీ అడిగాను.

చేతిలో తాడు వదిలేసి, "ఊ," అన్నాడు. "రోజూ." అని నా భుజం మీద తల పెట్టేశాడు. చెప్పాడు, నాతో చెప్పాడు, ఇంకా ఇక్కడే ఉన్నాడు! నాలుగింటి బస్సుకే బయలుదేరాం.

ఆసుపత్రి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల డాక్టరమ్మ ఆయనతో మాట్లాడుతోంది, ఆయన గొంతు కూడా వినిపిస్తోంది. ఇది చదువుతున్న మీకు ఒక్కటే చెప్పుకుంటాను. బాగానే ఉన్నాడులే, బాగానే ఉందిలే అని మీరు దూరం నుంచి అనుకుంటున్న మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఇవాళే వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోండి, అడగండి. ఏం లేదంటే లేచి రాకండి, ఇంకోసారి అడగండి.