గులకరాళ్ల చప్పుడు

గోదావరి లంకల్ని ముంచేసి, సూరిబాబు ఇంటి గోడ మీద నడుమెత్తున మట్టిచార వదిలి వెళ్లిన ఏడాది అది. వరద తీసి నెల దాటింది. ఇక్కడ కువైట్లో, సబ్హాన్ లోని పంపుల రిపేరు షెడ్డులో, సూరిబాబు మోకాళ్ల మీద కూచుని ఉక్కు చక్రం రెక్కకి సుద్ద రాస్తున్నాడు.

ఉప్పునీటి పంపులోంచి తీసిన చక్రం. ముందువైపు నున్నగానే ఉంది. తిరగేస్తే రెక్కల వెనక, నీళ్లు లోపలికి దూరే అంచున, చెదపట్టిన తలుపులా ఉంది. వేలు పెడితే చర్మం గీరుకుపోతుంది. తుప్పు తిన్నది కొంత. అసలు తిన్నవి బుడగలు. పంపుకి నీళ్లు చాలనప్పుడు రెక్క చాటున బుడగలు పుడతాయి. ఒక్కోటీ ఉక్కుని ఆనుకుని పగులుతుంది, పగిలినప్పుడల్లా కంటికానని ముక్క కొరుకుతుంది. అంతసేపూ పంపులో గులకరాళ్లు పోసి తిప్పినట్టు చప్పుడు. విప్పి చూస్తే ఒక్క రాయీ ఉండదు.

సుద్ద రాసి తుడిస్తే నున్నటి చోట పోతుంది, గుంటలో తెల్లగా మిగులుతుంది. ఆ తెలుపు పూర్తిగా పోయేవరకూ తోటి పనివాడు చాంద్ బాషా గ్రైండరుతో చెక్కుతాడు. గట్టి ఉక్కు తగిలాక సూరిబాబు వెల్డింగు పోస్తాడు. పంపు బిగించి నడిపాక వినేది మాత్రం బాషాయే. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన పంపుకి ఆనించి, చెక్కపిడి చెవికి పెట్టుకుంటాడు. పోసినవాడు తన పని తాను వినకూడదన్నది ఇద్దరి మధ్యా మొదట్నించీ ఉన్న కట్టుబాటు. ఇన్నేళ్లలో సూరిబాబు ఆ పిడికి చెవి ఆనించి ఎరగడు.

బాషాది రాయచోటి. ఫర్వానియాలో ఇద్దరిదీ ఒకే గది. అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, అతని ఇఖామా, రద్దయింది, పెట్టె కట్టేశాడు. రేపు పొద్దున విమానం. మళ్లీ రాడు.

"మీ ఇంటావిడ ఏవంటుంది?" సూరిబాబు అడిగాడు.

"ఏమంటాది? బోరుమోటారు గురగురమంటాందని దాని సప్పుడు ఫోన్లో పంపినాది గౌసియా. ఇన్నేండ్లకి మొగుడొస్తాంటే ఆమెకి మోటారే గుర్తొచ్చినాది, సూరన్నా."

"నీ గొంతు కంటే దాని గొంతే నయవనుకుందేవో."

బాషా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, ఎంతకీ తెరిపి ఇవ్వలేదు.

అన్నాలు తిని అట్టల మీద నడుం వాల్చారు. మిషన్లన్నీ ఆగాయి. సూరిబాబుకి గులకరాళ్ల చప్పుడు వినిపించింది. లేచి, పంపులు నడిపి చూసే పరీక్ష తొట్టి దగ్గరికెళ్లాడు. తొట్టిలో నీళ్లు కదలడం లేదు. చప్పుడు వెనకనించి వస్తోంది, నిద్రపోతున్న బాషా ఛాతీలోంచి.

తట్టి లేపాడు. "బాషా, ఆస్పత్రికి ఎల్దాం. ఇప్పుడే."

"పొయ్యినామంటే పండబెడతారు. విమానం పోతాది. ఊర్లో సూపించుకుంటాలే."

"నీ రొమ్ములో చప్పుడు బాగోలేదయ్యా."

"పోసేటోడివి, వినేది నీ పని గాదు." బాషా లేచి గ్రైండరు తీసుకున్నాడు. "ఖుద్దూస్ తో అనొద్దన్నా. అన్నావంటే నన్ను ఆపేస్తాడు. నేను ఇల్లు సూడాల."

ఫోర్మేన్ అబ్దుల్ ఖుద్దూస్ అప్పుడే అటుగా వచ్చాడు. సూరిబాబు నోరు తెరిచాడు. "యల్లా, కానీండి, సాయంత్రానికి పంపు తిరగాల," అని ఖుద్దూస్ దాటిపోయాడు. సూరిబాబు వెల్డింగు ముసుగు మొహం మీదికి దించుకున్నాడు. ఆ పూటంతా ఉక్కు కరుగుతున్న వెలుగులో, బాషాకి బాగోలేదన్న ఒక్కటే మాట నాలుక మీద తిరిగింది. ముసుగు ఎత్తినప్పుడల్లా మింగేశాడు.

పొద్దు వాలే వేళకి పంపు బిగించి నడిపారు. బాషా పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"సాఫ్," అన్నాడు. చెక్కపెట్టె మీద కూలబడి, "టీ తేన్నా," అన్నాడు.

సూరిబాబు పంపు ఆపి వెళ్లాడు. రెండు గ్లాసులతో వచ్చేసరికి బాషా గోడకి తల ఆనించి ఉన్నాడు. స్క్రూడ్రైవరు ఒళ్లో ఉంది. గ్లాసు అందిస్తే తీసుకోలేదు. సూరిబాబు వంగి విన్నాడు. ఆ ఛాతీలో ఏ చప్పుడూ లేదు.

అంబులెన్సు వచ్చి తీసుకెళ్లింది. గౌసియా బీకి ఫోన్లో కబురు చెప్పింది ఖుద్దూసే. 

మర్నాడు పొద్దున, విమానం లేచే వేళకి, సూరిబాబు షెడ్డులో ఉన్నాడు. పంపు లారీకెక్కించే ముందు ఒకసారి నడిపాడు. స్క్రూడ్రైవరు తీసి, మొన పంపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. పిడి అతని చెవికి కుదురుగా కూచోలేదు. అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల నీళ్లు నున్నగా పోతున్నాయి, ఒక్క బుడగ లేదు. బాషా సరిగ్గానే విన్నాడు.

పంపు ఆపేశాడు. నీళ్లు నిలిచాయి.

అప్పుడు మొదలైంది గులకరాళ్ల చప్పుడు, వెనక చెక్కపెట్టె ఉన్న వైపునించి. సూరిబాబు తిరిగి చూడలేదు. స్క్రూడ్రైవరు తుడిచి, గోడమేకుకి తగిలించాడు.

అది కాసేపు ఊగి ఆగింది. చెక్కపిడి మీద, బాషా చెవి ఆని ఆని అరిగిన గుంట, నూనె మెరుపుతో, షెడ్డు వైపుకి తిరిగి ఉంది.