కొర్రీకి జవాబుగా వచ్చిన ఆసుపత్రి

పోలినాయుడు కొర్రీ రాసిన మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి స్వయంగా ట్రెజరీకి వచ్చి వరసలో నిలబడుతుంది. మంచాలు, రోగులు, సెలైన్ సీసాలు అన్నీ దానితోనే ఉన్నాయి. మెట్లెక్కి రావడం వల్ల కాస్త రొప్పుతోంది.

తప్పు దానిది కాదు. జనరేటర్ డీజిలు బిల్లు మీద "ఒరిజినల్ జతపరచలేదు" అని రాసి వెనక్కి పంపింది పోలినాయుడే. మన వైపు అలా రాస్తే ఎవరో ఒకరు లోలోపల తిట్టుకుంటూ అసలు రసీదు తెచ్చి పడేసి పోతారు. ఈ దేశంలో రసీదులన్నీ యుద్ధంలో తగలబడ్డాయి. మిగిలిన ఒరిజినల్ ఆసుపత్రి ఒక్కటే. దాన్నే పంపించారు.

శ్రీకాకుళం జిల్లాలో ట్రెజరీ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషాయన. ప్రభుత్వాలు నిలవని ఈ దేశానికి ఖజానా నడపడం నేర్పమంటే వచ్చాడు. వచ్చి నేర్పింది ముఖ్యంగా కొర్రీలు పెట్టడమే. అందులోనూ ఒక పద్ధతి ఉంది. బిల్లులో ఎన్ని లోపాలున్నా ఒక్కోసారి ఒక్కటే చూపించాలి. అన్నీ ఒకేసారి చెప్పేస్తే ఇక ఆఫీసుకు విలువేముంటుంది? ఇక్కడివాళ్ళు ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారంటే, మొన్న వానను కూడా ముందస్తు మంజూరు లేదని తిప్పి పంపారు. అది మారుమాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఇక్కడ అందరూ శ్రీకాకుళం మాటే మాట్లాడతారు. ఎందుకని ఆయన అడగలేదు. అడిగే ఓపిక ఎప్పుడో పోయింది.

ఆసుపత్రి వంతు వస్తుంది. దాని కిటికీలోంచి మాలిసా అనే నర్సు తల బయటపెడుతుంది. ఆమె చేతుల్లో నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల ఉంది. డీజిలు లేక, పిల్లను వెచ్చగా ఉంచే పెట్టె ఆగిపోయింది.

"ఒరిజినలు తెచ్చినాం బావూ, సూసుకోండి. గుంట సల్లబడిపోతంది. బేగి కానియ్యండి."

పోలినాయుడు బిల్లు అందుకుంటాడు. 'పాస్' అని రాస్తే చాలు. కలం ఆనించగానే చెయ్యి తన మానాన తను "రోగుల సంతకాలు లేవు" అని రాసేస్తుంది. కొట్టేసి మళ్ళీ రాస్తే "గోడలకు సీలు లేదు" అని వస్తుంది. సర్వీసంతా ఆ చెయ్యి నేర్చుకున్నది అదొక్కటే. రెండో చేత్తో దాని మణికట్టు పట్టుకుని, బతిమాలి, బుజ్జగించి, చివరికి 'పాస్' అని రాయిస్తాడు. ఆ కాస్త రాతకే ఒళ్ళు హూనమైపోతుంది.

గుమాస్తా తొంబే ఖజానా గది తలుపు తీస్తాడు. లోపల ఏమీ లేదు. గాలి కూడా బొత్తిగా తక్కువే.

"ఎప్పుట్నుంచి ఇలా ఉంది?"

"మీరొచ్చిన కాడ్నుంచీ అంతే బావూ. మీరు కొర్రీలెట్టీసేవోరు కదా, తలుపు తీసే పనే పడ్నేదు."

పోలినాయుడికి సిగ్గుతో తల కొట్టేసినట్టవుతుంది.

"మరి మీ జనం పన్నులు కట్టరా?"

"ఒంట్లో ఎచ్చదనం తీసి కట్టీవోలు. రసీదు లేకండా ఏటీ పుచ్చుకోకూడదని మీరే ఆపించీసినారు."

"రసీదు అక్కర్లేదు, తీసుకో," అంటాడు పోలినాయుడు. అలవాటు లేని మాట కావడంతో నాలుక తిమ్మిరెక్కుతుంది.

వరసలోని జనం చొక్కాల గుండీలు విప్పి, పక్కటెముకల కింద నుంచి వెచ్చదనం తీసి కౌంటరు మీద పెడతారు. ఒకరిది గుప్పెడు, ఒకరిది చెంచాడు. జ్వరంతో మూలుగుతున్న రోగి అందరికన్నా ఎక్కువ కడతాడు. మాలిసా పిల్లను పెట్టెలో పడుకోబెడితే, తొంబే అదంతా పోగుచేసి అందులో పోస్తాడు. పిల్ల పెదాల నీలం పోదు.

"చాల్నేదు బావూ," అంటుంది మాలిసా. అందరూ పోలినాయుడి వైపే చూస్తారు.

సలహాదారుకు పన్ను వర్తించదన్న మాట ఆయన నోటిదాకా వస్తుంది. మింగేస్తాడు. చొక్కా విప్పి ఛాతీలో చెయ్యి పెడతాడు. తీసేకొద్దీ వస్తూనే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ పెట్టకుండా దాచుకున్నది అంతా ఇంతా కాదు. ఇంత పెట్టుకుని మనుషుల్ని ఎందుకు తిప్పానా అని ఆయనకు ఏడుపొస్తుంది. పెట్టె నిండి పొర్లుతుంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. ఆసుపత్రి వెనుదిరిగి, రోగులు పడిపోకుండా ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి వెళ్ళిపోతుంది.

పోలినాయుడు ఖాళీ ఛాతీతో మిగిలిపోతాడు. లోపల మంచు పేరుకుంటోంది. కూర్చుందామనుకునేలోగా రేవు నుంచి ఆడవాళ్ళు చేపల గంపలతో వస్తారు. ఆ ఛాతీలోకి తొంగిచూసి, చెయ్యి పెట్టి చలి చూసుకుంటారు.

"సంత యేల దాకా ఈ సేపలు ఉంచుతారా బావూ?"

ఎవరి చేప ఏదని ఆయన అడగడు. పక్కటెముకలు రెండు చేతులా తెరిచి పట్టుకుంటాడు. వాళ్ళు ఒక్కొక్కటే లోపల పేర్చుతారు. అడుగున ఒకటి ఇంకా తోక ఆడిస్తోంది.