తీగ అక్షరాలకు సీదా ఏది?

ఆదివారం పొద్దున సూరత్ అమ్రోలిలోని తెలుగు నేతవాళ్ల సంఘం గది తల్లిదండ్రులతో కిక్కిరిసిపోయింది. హారతికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఎలా నిలుస్తుంది? ఇవాళ తను తెలుగు నేర్పే పన్నెండుమంది పిల్లలు బోర్డు మీద తెలుగక్షరాలు రాసి చూపిస్తే ఈ గది బడికే ఉంటుంది. లేదంటే రేపే కుట్టుమిషన్లు వచ్చి కూర్చుంటాయి. సంఘం పెద్ద పరుశురాం ఆ మాట నెల కిందటే తెగేసి చెప్పాడు.

అయినా హారతికి ధీమాయే! గుజరాతీ గడగడ చదివే ఈ పిల్లలు మొన్నటిదాకా తెలుగు పలక చూస్తే ఆవలించేవారు. ఆమె తండ్రి లింగం, కార్ఖానాలో పాత మగ్గాల నుంచి తీసి పారేసిన తీగలు తెచ్చి, వంచి అక్షరాలు చేసిచ్చాడు. ఇంకేముంది! పిల్లలు వాటిని చెవులకు తగిలించుకున్నారు, 'ఠ'ను నేల మీద దొర్లించారు, కళ్లు మూసుకుని తడిమి పేర్లు చెప్పే పందేలు వేసుకున్నారు. ముందు ఆకారం చేతికి రావాలని హారతి నెలంతా పలక ముట్టించనే లేదు. అదీ ఆమె గొప్ప.

మొదట ఎనిమిదేళ్ల రుచిత లేచి, బోర్డు మీద ధీమాగా 'ల' రాసింది. గది గొల్లున నవ్వింది. 'ల' అటు తిరిగి కూర్చుంది! తర్వాత వచ్చినవాడి 'న', ఆ తర్వాతి పిల్ల 'క' కూడా అంతే.

"ఏంది బిడ్డా, నెల దినాలు గిదేనా నేర్పింది?" అన్నాడు పరుశురాం లేస్తూ. "ఇగ చాలు. రేపు మిషన్లు దించుతం."

హారతి బోర్డు దగ్గరికి పరుగెత్తింది. ఏడుపొక్కటే తక్కువ. అంతలో రుచిత బుట్టలోంచి తీగ 'ల' తీసి, తను రాసిన గీత మీద ఆనించింది.

"బరాబరే ఉంది కదక్కా! చూడు!"

నిజమే, వెంట్రుకవాసి తేడా లేదు. హారతి చప్పున ఆ తీగను బోర్లా తిప్పి పెట్టింది. అసలు 'ల' అయి కూర్చుంది.

"కాకా, జర ఆగుండ్రి!" ఆమె అరిచినంత పని చేసింది. "పిల్లలు తప్పు నేర్వలే. వెనక నుంచి నేర్చిండ్రు, అంతే!"

లింగం నాలుక కరుచుకున్నాడు. "తప్పు నాదే. గుడ్డకైతే ఒక అంచుకు రంగు పోగు పెడతం, ఉల్టా ఏదో సీదా ఏదో తెలుస్తది. తీగకు అంచేడిది?"

"అయితే అంచు పెడదాం బాపూ! ఎర్ర పోగు ఎడమకుంటే సీదా!"

అంతే, గది మొత్తం కదిలింది. అందరూ నేతవాళ్లే. ఎవరో పరుగున ఎర్ర దారపు ఉండ తెచ్చారు. తలా ఒక అక్షరం పట్టుకుని ముడి వేయబోయి, "దీనికి ఎడమేది హారతీ?" "నాదానికేది?" అని పెద్దలంతా ఆమె మీద పడ్డారు. పిల్లలు పకపకా నవ్వుతూ పెద్దల చేతుల్లోని తీగలను సీదా తిప్పసాగారు. హారతి ఆనందం అంతా ఇంతా కాదు.

రుచిత మళ్లీ బోర్డు దగ్గరికెళ్లింది. ఈసారి 'ల' మనవైపే చూసింది. వెంట పదకొండుమందీ తోసుకుంటూ వచ్చి బోర్డంతా నింపేశారు. చప్పట్లతో గది దద్దరిల్లింది.

పరుశురాం మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన చేతిలో ఒక తీగ, ఒక ఎర్ర పోగు అలాగే ఉన్నాయి. సూరత్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. అరవై ఏళ్లొచ్చినా సంతకం గుజరాతీలోనే పెడుతున్నాడు. నెమ్మదిగా వంగి, రుచిత చెవి దగ్గర అడిగాడు.

"బిడ్డా, ఇది ఏ అక్షరం?"

"ప, తాతా. నీ పేరుల మొదటిది."

ఆయన ఆ తీగను ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసుకున్నాడు. రుచిత వేలితో చూపించిన చోట ముడి వేసి, పిల్లల వరసలో చాప మీద చతికిలబడ్డాడు.

"మిషన్లు వరండాల పెట్టుకుంటరు తియ్" అన్నాడు. "రెండోది ఏదో చూపియ్."