ఖాళీ బండి వెనక

నా కొడుకు నాగేశ్వర్లు బండి కొనడానికి హైదరాబాదు పోయిన రోజు వాడి సంచి సర్దింది నా కోడలు సుబ్బులే. రెండు చొక్కాలు, లుంగీ, తువ్వాలు, దారిలో తినడానికి చెనక్కాయ ఉండలు. అన్నీ పెట్టాక సంచిలో ఒక పక్క కాస్త చోటు మిగిలింది. ఆ చోట్లో తన చీర ఒకటి మడిచి పెట్టింది. స్నానం చేసి వచ్చిన నాగేశ్వర్లు సంచి తెరిచి చూసి, ఆ చీర బయటికి తీసి మంచం మీద పెట్టాడు. విసిరేయలేదు. మెల్లగానే పెట్టాడు.

"ఇదేంది?"

"నేనూ వస్తా. బండి చూడాల."

"బండి కొనేదానికి పోతుండా, పెండ్లికి కాదు. నువ్వొచ్చి ఏం చూస్తావు? రంగు చూస్తావా?" అని నవ్వాడు.

నవ్వుతూ అంటే ఎదుటి మనిషికి కోపం తెచ్చుకునే వీలు కూడా ఉండదు. వాడి నాయన అంకన్న కూడా ఇట్లాగే నవ్వేవాడు. సుబ్బులు చీర తీసి దండెం మీద వేసి, "అయితే విను" అంది. "నాలుగు చక్రాలూ లాగేదే తీసుకో. ముందరా వెనకా బరువు పెట్టుకునే చట్టం ఉండాల. లో గేరు ఉందా అని అడుగు. మర్చిపోవు గదా?"

"సరేలే, మేస్త్రీ" అన్నాడు వాడు.

వాడు గడప దాటుతుంటే మేమిద్దరం ఊరికే నిలబడి చూశాం. ఎక్కడికని అడగలేదు. తెలుసు కాబట్టి కాదు, మా ఇంట్లో అడగరు. గడప దాటే మనిషిని యాడికని అడిగితే ఆ మనిషి వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. అట్లా కూర్చోకుండా పోయిన మనిషి తిరిగి రాడంటారు. ఈ మాట అందరి ఇళ్లలోనూ ఉంది కానీ మా ఇంట్లో ఉన్నంత గట్టిగా ఎక్కడా లేదు. దానికి కారణం నేనే అని మా అత్త పాపమ్మ చచ్చేదాకా చెప్పింది. నాగేశ్వర్లు చంటిపిల్లవాడుగా ఉన్నప్పుడు పెద్ద కరువు వచ్చింది. ఒక పొద్దున అంకన్న దుప్పటి చంకలో పెట్టుకుని గడప దాటుతుంటే నేను పొయ్యి కాడ నుంచి "యాడికి?" అన్నాను. పొయ్యి ఊదుతూ అన్నాను, అంతే. ఆయన నవ్వి, కూర్చోకుండా పోయాడు. బళ్లారి పక్క పనికి పోయాడని తర్వాత తెలిసింది. మనిషి మాత్రం రాలేదు. "నోరు మూసుకోలేకపోతివి. నీ నోరే గదే నా కొడుకును తినింది" అని మా అత్త అన్నం పెడుతూ అనేది, నీళ్లు పోస్తూ అనేది, చుట్టాల ముందు ఏడుస్తూ అనేది. ఆమె ఏడుస్తుంటే నేను తిరిగి ఏం అనగలను? అప్పటి నుంచి ఎవరు సంచి సర్దినా నాకు భయం. బస్సు హారన్ వినిపిస్తే చేతిలో పని ఆగిపోతుంది. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కుని, నాకై నేను చదవడం నేర్చుకున్నది కూడా, ఎప్పటికైనా ఒక ఉత్తరం వస్తే ఇంకొకరితో చదివించుకునే ఖర్మ ఉండకూడదనే. ఉత్తరం రాలేదు. చదువు మాత్రం వచ్చింది.

బండి సంగతి చెబుతాను. అర్ధవీడు కొండల కింద మా ఊరు. మా బత్తాయి తోట కొండవాలు మీద ఉంది. తోటకు పోయే బాట అంతా బండలు. ట్రాక్టరు ఎక్కదు. మోటారు సైకిలు సగం దూరం పోయి జారుతుంది. ఎరువు, సున్నం, మొక్కలు, మందు డ్రమ్ములకు నీళ్లు, అన్నీ నెత్తిన పైకి పోవాలి. కాయలు నెత్తిన కిందికి రావాలి. నా నెత్తిన పోయినంత కాలం పోయాయి. తర్వాత సుబ్బులు నెత్తి మీదికి మారాయి. ఆమె వచ్చిన కొత్తల్లో నెత్తికీ బరువుకూ మధ్య పెట్టుకునే నా చుట్టకుదురు ఆమె చేతికిచ్చిన రోజు నాకు గుర్తుంది. పాత చీర పేలికతో నేను చుట్టుకున్నది. నగ ఇచ్చినట్టు ఇచ్చాను. బండి కొనడానికి కొన్ని నెలల ముందు ఆమె కుడిచేతికి తిమ్మిరి మొదలైంది. చేతిలో చెంబు నిలిచేది కాదు. కంభంలో డాక్టరు ఫోటో తీయించి, మెడ ఎముకలు అరిగి నరం నొక్కుతోందనీ, ఇక నెత్తిన బరువు పెడితే చెయ్యి పడిపోతుందనీ చెప్పాడు. ఆ మాట విని నాగేశ్వర్లు దారి పొడుగునా దిగులుపడ్డాడు. వాడు చెడ్డవాడు కాదు. వారం తిరగకుండా ఆ దిగులు వాడికి ఒక ఆలోచనగా మారింది.

ఏటీవీ అంటారట. మోటారు సైకిలు మాదిరి హ్యాండిలు, ట్రాక్టరు మాదిరి బొద్దు చక్రాలు నాలుగు, బండలెక్కే బండి. "అటు తోట పని, ఇటు రైడింగు" అన్నాడు వాడు. మార్కాపురం, ఒంగోలు నుంచి ఆదివారాలు వచ్చేవాళ్లను మా పొలం బాటలో కొండ మొదలు దాకా తిప్పొచ్చని వాడి లెక్క. సుబ్బులు సాకిన బర్రెలు అమ్మారు. ఆమె వద్దనలేదు. తన మెడ మీది బరువు బండి మీదికి పోతుందంటే ఎందుకు వద్దంటుంది?

కంభంలో మొహిద్దీన్ బాషాది బండ్ల రిపేరు షెడ్డు. ఆయన భార్య జాహిదా కూడా షెడ్డులోనే ఉంటుంది, సుబ్బులుకు అక్కలాంటిది. గిద్దలూరు అవతల ఒక మామిడితోట వాళ్ల ఏటీవీ ఒకటి రిపేరుకు వస్తే, జాహిదా కబురు పెట్టి సుబ్బులును దాని మీద ఎక్కించింది. ఆ సాయంత్రం సుబ్బులు ఇంటికి వచ్చిన తీరు నేను మర్చిపోను. చెప్పులు కూడా విడవకుండా వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"అత్తా, నాలుగు చక్రాలూ లాగతాయి. లో గేరేస్తే మనం నడిచినంత మెల్లగా ఎక్కతాది. దిగేటప్పుడు దానంతట అదే ఆపుకుంటాది, జారదు."

"నువ్వు తోలినావా ఏంది?"

"తోలినా. ముందొక బస్తా, వెనకొక బస్తా పెట్టుకొని మట్టిదిబ్బ ఎక్కించినా. జాహిదక్క ఈల ఏసింది."

"ఆడమనిషి ఈల ఏసిందా!"

"ఏసింది. బాషన్న చెవులు మూసుకున్నాడు."

ఇద్దరం నవ్వాం. ఆమె చేతులు ఇంకా హ్యాండిలు పట్టుకున్నట్టే ఉన్నాయి. నాగేశ్వర్లు వచ్చాక అదంతా మళ్లీ చెప్పబోయింది. వాడు ఫోన్లో వీడియో చూస్తున్నాడు. బురద చిమ్ముకుంటూ ఎగురుతున్న బండ్లు. "ఇంజన్ పవర్ చూడు" అన్నాడు, ఫోను మీది నుంచి తల ఎత్తకుండా.

తెచ్చిన బండి ఎర్రగా ఉంది. అందంగానే ఉంది. ఊరంతా వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. బొట్లు పెట్టింది సుబ్బులు. బొట్లు పెట్టడమయ్యాక ఆమె బండి పక్కన గొంతుక్కూర్చుని కిందికి వంగి చూసింది. ముందు చూసింది, వెనక చూసింది. చట్టం లేదు. లో గేరు లేదు.

"వెనక రెండే లాగతాయి" అంది. మొగుడితో కాదు, బండితోనే అన్నట్టు అంది.

"కుర్రోళ్లంతా దీన్నే తీసుకుంటారంట. పవర్ దీంట్లోనే ఎక్కువ. లెయ్, పక్కకు జరుగు" అన్నాడు నాగేశ్వర్లు. స్నేహితుణ్ణి వెనక ఎక్కించుకుని ఊరు చుట్టి వచ్చాడు. హారతి పళ్లెం పట్టుకుని ఆమె, ఆమె పక్కన నేను, దుమ్ములో నిలబడ్డాం.

మర్నాడు బండి వెనక ఎరువు బస్తా తాడుతో కట్టి తోటకు బయల్దేరాడు. జారుడుబండ దగ్గర ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. వాడు పక్కకు దూకాడు. బండి వెనక్కి జారి రాతికి ఆనుకుంది. బస్తా పగిలి తెల్లటి ఎరువు బండల మీద పారింది. సుబ్బులు దాన్ని చేటతో ఎత్తింది. "బరువేస్తే బండి చెడిపోతాది" అని ఆ రోజు తేల్చాడు వాడు. ఆ తర్వాత దాని మీద బరువు పెట్టలేదు.

ఒక ఆదివారం నేను వాకిట్లో కూర్చుని చూస్తున్నాను. బాట మీద బండి పోతోంది. నాగేశ్వర్లు, వాడి వెనక మార్కాపురం నుంచి వచ్చిన స్నేహితుడు. వాళ్ల వెనక, ఆ దుమ్ములో, నెత్తిన సగం బస్తాతో సుబ్బులు. సగమే మోయమన్నది వాడే. "సగం సగం మొయ్యి, రెండు తూర్లు తిరిగితే సరిపాయె" అన్నాడు. పైనుంచి వాడి కేక వినిపించింది. "జల్దీ రావే! గేటు తాళం నీ కాడ ఉండాది, ఎంతసేపు నిలబడాల?" ఆమె ఎడమచేత్తో బస్తా పట్టుకుని, పట్టు చాలని కుడిచేతిని కొంగులో దోపుకుని ఎక్కుతోంది. నా కాలంలో బండి లేదు. అందుకని మోశాను. బండి ఉండి, అది ఖాళీగా ముందు పోతుంటే వెనక బరువు మోసే ఆడదాన్ని ఆ రోజే చూశాను.

ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు సుబ్బులు అడిగింది. "మార్చుకొస్తాం పా. నష్టమైనా కానీ."

"తెచ్చి నెల గాలా, అమ్మితే ఊరంతా నవ్వతారు."

"నా చెయ్యి పోతాది."

"నీ మెడ కోసం నేను నవ్వులపాలు కావాల్నా?"

ఈసారి వాడు నవ్వలేదు. ఆమె వాడి విస్తరిలో మజ్జిగ పోసింది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం నాకు తల దువ్వుతూ చెప్పింది. దువ్వెన రెండుసార్లు కిందపడింది. "మామిడితోట వాళ్లు బండి తోలేదానికి ఆడమనిషిని అడగతున్నారంట అత్తా. కాయలు కోసేదంతా ఆడోళ్లే గదా, అందుకని. ఉండేదానికి గది ఇస్తారంట. జాహిదక్క నన్ను అడిగింది." అంతే చెప్పి జడ వేసింది. పోతానని అనలేదు. నేనూ పోతావా అని అడగలేదు. నాకు అడగడం అలవాటు తప్పి చాలా కాలమైంది.

శివరాత్రి మరునాడు పొద్దున, నాగేశ్వర్లు స్నేహితులతో బండేసుకుని కొండ మొదలుకు పోయాడు. సుబ్బులు అన్నం వండి మూత పెట్టింది. పాలు తోడేసింది. గూట్లోంచి ఆ సంచే తీసింది. చీరలు, మాత్రలు, దువ్వెన, మెడకు కట్టుకునే పట్టీ. ఆ రోజు సంచిలోంచి బయటికి తీసిన చీర అన్నిటికన్నా మీద పెట్టింది. చుట్టకుదురు గోడకు మేకు మీద ఉంది. దాని వంక చూడలేదు.

"నీ మాత్రలు గూట్లో ఉండాయి అత్తా. తెల్లవి పొద్దున, ఎర్రవి మాపు" అంది గడపకు అవతల నిలబడి. నిలబడే ఉంది. నా పక్కనే నీళ్ల చెంబు ఉంది.

నాకు భయం వేసింది. నేను నోరు మూసుకుని కూర్చుంటే ఈమె మంచి శకునంతో పోతుంది. మంచి శకునంతో పోయిన మనిషి తిరిగి వస్తుంది. పెద్దమనుషులు పోతారు, నాలుగు మాటలు చెబుతారు, నాగేశ్వర్లు నవ్వుతాడు, ఈమె వచ్చి మేకు మీది చుట్టకుదురు తీసుకుంటుంది. ఈమె పోతే నాకెవరున్నారు? రావాలనే ఉంది నాకు. ఈ ఇంట్లో నా తలలో చెయ్యి పెట్టిన మనిషి ఈమె ఒక్కతే. రావాలని ఉంది కాబట్టే నా మీద నాకు నమ్మకం లేకపోయింది. నా నోటి మాటకే ఒక మనిషి రాకుండా పోయాడని జీవితమంతా నాతో చెప్పారు. నిజమో అబద్ధమో నాకు తెలియదు. నిజమే అయితే, ఆ మాట ఈ ఒక్కసారి నేను కావాలని అంటాను.

"యాడికి పోతుండావు సుబ్బులూ?"

ఆమె చప్పున నా వైపు తిరిగింది. తర్వాత చెంబు వైపు చూసింది. నేను ఆ చెంబు తీసి నా వెనక పెట్టుకున్నాను. లోపలికి రమ్మనలేదు. కూర్చోమనలేదు.

ఎందుకడిగానో ఆమెకు తెలిసింది. కళ్లు తుడుచుకుని, "గిద్దలూరు అవతలికి, అత్తా. మామిడితోట కాడికి" అంది. వంగి, అవతలి నుంచే గడపను ముట్టుకుని పోయింది. బస్సు హారన్ దాకా విన్నాను. దాని చప్పుడు పోయేదాకా విన్నాను. ఆ తర్వాత చెంబులో నీళ్లు నేనే తాగాను.

మధ్యాహ్నం నాగేశ్వర్లు వచ్చి ఇల్లంతా వెతికాడు. "ఏమ్మా, సంచి తీసుకొని పోతుంటే ఊరికే చూస్తా కూర్చున్నావా? ఏం మాట్లాడలేదా?"

"మాట్లాడినా. యాడికని అడిగినా నాయనా."

వాడు గోడకు ఆనుకుని అట్లాగే కింద కూర్చున్నాడు. ఏ ఊరని వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.

నా పెనిమిటి అంకన్న పెద్ద కరువు వచ్చిన ఏడు పోయాడు, తిరిగి రాలేదు. నా కోడలు సుబ్బులు రెండువేల ఇరవై మూడు ఫిబ్రవరిలో, శివరాత్రి మరునాడు, పొద్దుటి బస్సుకు పోయింది. తిరిగి రాలేదు.