ట్యాంకు కింది చెక్క

ట్యాంకు కొళాయి కింద సీసా పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని, కృపారాణి పిడి తిప్పింది. యాసిడ్ సన్నటి పసుప్పచ్చని ధారగా దిగింది. ముక్కుకూ నోటికీ కలిపి కట్టుకున్న పాత చీర ముక్కను దాటుకుని ఘాటు గొంతులోకి పోయింది. సీసా మెడ దాకా నిండగానే కట్టేసి, మూత బిగించి, ఇంకోటి అందుకుంది. పిడి కట్టేసినా కొళాయి కొసన చుక్క కారుతూనే ఉంటుంది. చుక్క పడినప్పుడల్లా కింది బండ సుయ్యిమని నురగ కక్కుతుంది. ఆ చప్పుడుకు ఆమె ఒళ్లు మండుతుంది.

కడప ఊరి చివర రేకుల షెడ్డు అది. బాత్రూములు కడిగే యాసిడ్‌ను సీసాలకు పట్టి పల్లెల అంగళ్లకు పంపుతారు. యజమాని శ్రీనివాసులు. పనిచేసేది ఇద్దరు, ఆమె, ఆనందం. ఆనందం ముసలివాడు కాదు గానీ ఈ గాలికి ముసలి దగ్గు వచ్చింది. ఆదివారం చర్చిలో గంట కొట్టేది అతనే. తాడు లాగి లాగి ఆయాసంతో మెట్ల మీద కూలబడతాడు.

ట్యాంకు కొనేటప్పుడు శ్రీనివాసులు వెంట అతనే వెళ్లాడు. అంగడివాడు రెండు రకాలు చూపించాడట. ఒకటి యాసిడ్ కోసమే చేసింది. తెల్లగా, మందంగా, లోపల ఎంతుందో బయటికి కనపడేది. ఇంకోటి మిద్దెల మీద నీళ్లకు పెట్టుకునే నల్లది. ఇది యాసిడ్‌కు పనికిరాదని, ఏడాది తిరగకుండా పెళుసెక్కుతుందని అంగడివాడే చెప్పాడట. శ్రీనివాసులు రెంటినీ వేలి కణుపులతో తట్టి చూసి, రెండూ ప్లాస్టిక్కే కదప్పా అన్నాడట. ఆనందం తల ఊపాడట. ఈ ముక్క అతను నవ్వుతూ చెప్పిన రోజు, కృపారాణి చేతిలోని గరాటు నేలకేసి కొట్టింది.

ఆ నల్లదాన్ని తెచ్చి, శ్రీనివాసులు కొత్త ఇంట్లో పరవగా మిగిలిన నాపబండల దొంతి మీద నిలబెట్టారు. యాసిడ్‌కు నాపబండ ఆగదని ఈ ఊళ్లో గచ్చు కడిగే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. ఇప్పుడు ముందు వైపు బండలు ఎలుకలు కొరికిన రొట్టెల్లా ఉన్నాయి. ట్యాంకు ఆమె కూర్చునే వైపుకే ఒరిగింది. అడుగు ఉబ్బింది. రోజూ పొద్దున్నే ఆనందం వచ్చి, బండకూ ట్యాంకుకూ మధ్య సందులో తుమ్మ చెక్కను రాయితో కొట్టి బిగిస్తాడు. చేతులు దులుపుకుని, ఈ పూటకు ఆగుతుందిలేమ్మా అంటాడు.

ఈ పూటకు ఆగుతుందిలే అన్న మాట ఆమె మొదట విన్నది ఇక్కడ కాదు. నాపరాళ్ల గనిలో పైబండకు మొద్దు ఆనించి మేస్త్రీ అన్న మాట అది. ఆ బండ కిందే ఆమె భర్త సుందరం పోయాడు. అప్పటి నుంచి ఆమె ఇంట్లో గిన్నెలు చప్పుడు చేయకుండా కింద పెట్టడం మానేసింది. కూతురు ప్రేమజ్యోతి అమ్మకు కోపమెక్కువని అందరితో చెబుతుంది. వేడి సంగటి ముద్దను అమ్మ అరచేతిలో పెట్టుకుని తిప్పుతుంటే, ఆ చేతికి కాలడం కూడా తెలియడం లేదని మాత్రం ఎవరికీ చెప్పదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి శ్రీనివాసులు బండి మీద వచ్చాడు. మధ్యాహ్నం యాసిడ్ లారీ వస్తుందని, ఎండాకాలం గిరాకీ కాబట్టి ఈసారి అంచు దాకా నింపాలని చెప్పాడు. నింపడమంటే ఆనందం ట్యాంకుకు ముందు వైపున నిచ్చెన ఆనించి, పైకెక్కి, అది నిండేదాకా పైపు పట్టుకుని నిలబడాలి.

కృపారాణి లేచి, ఒరిగిన వైపు చూపించింది. "ఇది నిండితే పడుతుంది సార్. ఆయప్ప మీదనే పడుతుంది."

"నీకెందుకుమే, సీసాలు పట్టుకో. ఏమప్పా ఆనందం, ఇంకో చెక్క కొట్టు." అని శ్రీనివాసులు అన్నానికి ఇంటికి పోయాడు.

ఆనందం చెక్క కోసం వెతకసాగాడు. ఆమెకు శ్రీనివాసులు మీద కన్నా అతని మీద ఎక్కువ కోపం వచ్చింది.

"నిచ్చెన ఎక్కనని చెప్పలేవాన్నా?"

"ప్రభువు చూసుకుంటాడులేమ్మా."

"ఇన్నాళ్లూ చూసుకోనిచ్చినావా ఆయన్ను? రోజూ నువ్వే కదా చెక్క పెడతాండావు."

అతను నవ్వి, దగ్గి, క్యారియరు తీసుకుని గేటు దగ్గరి వేపచెట్టు కిందికి పోయాడు.

ఆమె తినలేదు. ట్యాంకులో మిగిలింది క్యానుల్లోకి పట్టింది. సీసాలన్నీ గోడవారకు జరిపింది. గడ్డపార తెచ్చి, పక్కకు నిలబడి, చెక్క మొన మీద కొట్టింది. మూడో దెబ్బకు చెక్క ఎగిరి గోడ దగ్గర పడింది. ట్యాంకు కాసేపు ఆలోచిస్తున్నట్టు ఆగింది. ఆమె వెనక్కి పోయి భుజం పెట్టి తోసింది. అది బండ అంచు మీద పడి గుమ్మడికాయలా పగిలింది. లోపల మిగిలిన కాస్త యాసిడ్ కింది రాళ్ల మీద పొంగి, అణిగిపోయింది.

ఆనందం ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చాడు.

"నా కూడు పడగొట్టినావు కదమ్మా," అన్నాడు.

ఆమె గడ్డపారను గోడకు ఆనించింది. నోరు తెరిస్తే గట్టిగా ఏడ్వాల్సి వస్తుందని తెలుసు.

లారీ, దాని వెనకే శ్రీనివాసులు వచ్చారు. చెక్క సరిగ్గా బిగించలేదని అతను ఆనందాన్ని నానా మాటలూ అన్నాడు. ఆనందం తల వంచుకుని ఆ మాటలు పడ్డాడు. ఆమె వైపు వేలు చూపలేదు.

"ఆయప్పను అనొద్దు సార్. చెక్క తీసింది నేను," అంది కృపారాణి.

శ్రీనివాసులు ఆమెనూ, గడ్డపారనూ చూశాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పి క్యారియరు సంచిలో పెట్టుకుంది. చెప్పులు తొడుక్కుంటుండగా శ్రీనివాసులు అంగడికి ఫోను చేయడం వినపడింది. నల్లదే పంపు, తొందరగా, లారీ నిలబడి ఉంది అంటున్నాడు. ఫోను పెట్టేసి, ఆ బండలు సర్ది, చెక్క యాడ పడిందో చూసి తీసి పెట్టుకోమని ఆనందానికి చెప్పాడు.

గేటు దగ్గర ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఆనందం చీపురు తెచ్చి, రాతి పొడినంతా కుప్పకు ఊడుస్తున్నాడు. గోడ దాకా వచ్చాడు. కాళ్ల దగ్గరి చెక్కను చూశాడు. దాని చుట్టూ ఊడ్చి, పక్కకు పోయాడు. నల్లగా కమిలి, ఒక వైపు అరిగిన ఆ తుమ్మ చెక్క, దేన్నీ మోయకుండా, ఎండలో అక్కడే పడి ఉంది.