పుల్లమ్మ పెట్టిన సంతకాలు

రండమ్మా, రండయ్యా, ముందుకు జరిగి కూర్చోండి. గోడకానుకున్న మీరు కూడా. దేవుడు మెచ్చిన పగ ఒకటి చెబుతాను.

పర్చూరు అవతల ఒక చిన్న క్రైస్తవ కాలేజీ. పొద్దున్నే ప్రార్థన, తర్వాత హాజరు, ఆ తర్వాత పాఠాలు. తెలుగు చెప్పేది పుల్లమ్మ. ప్రత్తిపాడు దగ్గర మిరప కోతల్లో పెరిగిన పిల్ల. ఎమ్మే చదివినా చేతుల్లో ఆ ఘాటు పోలేదు. ఆమె చేతిరాతను ముందు పెట్టుకుని ఎవరు అబద్ధమాడినా పొలమారుతుంది. ఆమె రాసిచ్చిన లీవు చీటీ చూపించి దొంగజ్వరం చెప్పబోయిన పిల్లలు దగ్గుకుంటూ క్లాసుకొచ్చేసేవాళ్ళు. ఎవరూ దాన్ని వింత అనుకోలేదు. ఆమె క్లాసు గుమ్మంలో మంచినీళ్ళ కుండ ఒకటి పెట్టారు, అంతే.

ఆరేళ్ళయినా ఆమె పార్ట్‌టైమే. అక్కడ పర్మనెంటంటే ప్రిన్సిపాల్ ఇమ్మానియేలు గారి తమ్ముడు, మరదలు, మేనల్లుడు. ఉన్న ఒక్క తెలుగు పోస్టూ అల్లుడు బెన్నీకి అట్టేపెట్టారు. అతను చేరిన రోజే పుల్లమ్మ వెళ్ళిపోవాలి. ఇదేం న్యాయమని అడగబోతే, "కూలోళ్ళ పిల్లవి. కుర్చీ దొరకడమే ఎక్కువ" అన్నారాయన, స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ. ఆ మాటను ఆమె రోజూ ప్రార్థనలో దేవుడికి అప్పజెప్పేది. క్షమించమని కాదు, మరిచిపోవద్దని.

2004లో తనిఖీ కమిటీ వస్తోందని కబురొచ్చింది. అన్ని కులాల, మతాల అధ్యాపకులూ ఉంటేనే గుర్తింపు నిలుస్తుందట. ఇమ్మానియేలు గారు వాచ్‌మన్ బుడాన్‌కు కోటు తొడిగించి హిస్టరీ లెక్చరర్ని చేశారు. ఆ ఒక్కరోజుకీ పుల్లమ్మను పర్మనెంటు చేశారు. ఘాటు సంగతి తెలుసు గనక అధ్యాపకుల జాబితా మొత్తం టైపు కొట్టించారు. కానీ ఆమె పేరు పక్కన పర్మనెంటని వేసి ఆరేళ్ళ హాజరు పట్టీలు కొత్తగా పుట్టించారు కదా, వాటికి సంతకాలు కావాలి. సంతకం కూడా చేతిరాతేనని ఆయన బుర్రకు తట్టలేదు.

పుల్లమ్మకు తట్టింది. మధ్యాహ్నమంతా కూర్చుని, ఒక్క గడీ వదలకుండా పెట్టింది.

కమిటీ పెద్ద వెంకటరావమ్మ గారు పట్టీ తెరిచి, ఈ పుల్లమ్మ ఎవరని అడిగారు. ఇమ్మానియేలు గారు టైపు జాబితా అందుకోబోయారు. ఈలోగా పుల్లమ్మ లేచి నిలబడి, పట్టీ ఆయన ముందుకు జరిపింది.

"చదవండి సార్."

"పుల్లమ్మ, పర్మనెం..." పొలమారింది. బుడాన్ ఆయన నడినెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు సార్" అన్నాడు. వేసుకున్న కోటు సంగతి మరిచి నీళ్ళకు పరిగెత్తాడు. పుల్లమ్మ పేజీ తిప్పి మళ్ళీ చదవమంది. ఆయన కళ్ళూ ముక్కూ పండుమిరపలయ్యాయి. బుడాన్ తెచ్చిన గ్లాసు అందుకుని ఆమె తన చేతిలోనే ఉంచుకుంది.

"ఉన్నది ఉన్నట్టు చెబితే నీళ్ళక్కర్లేదు సార్."

"పార్ట్‌టైము" అన్నారు ఆఖరికి. దగ్గు ఆగింది. ఆగిన సుఖానికి నోరు ఆగలేదు. బుడాన్ వాచ్‌మనని, పోస్టు అల్లుడికని, పట్టీలు మొన్నటివని, అన్నీ చెప్పేశారు. వెంకటరావమ్మ గారు తలెత్తకుండా రాసుకున్నారు.

కమిటీ రిపోర్టుకు జడిసి, నెల తిరక్కుండా యాజమాన్యం పోస్టు పుల్లమ్మకిచ్చింది. ఉత్తర్వు నకలు ఆమే తన చేత్తో రాసింది. ప్రార్థనలో దాన్ని చదవాల్సింది ఇమ్మానియేలు గారు. "మిరపకూలీల కూతురు పుల్లమ్మ, పర్మనెంట్ లెక్చరర్" అని చదివారు. ఒక్క దగ్గు రాలేదు. వెనక బెంచీలకు వినబడలేదని ఆమె మూడుసార్లు చదివించింది.

లేవబోయే ముందు ఒక్కటి మనసులో పెట్టుకోండి. కాగితం మీది అబద్ధాన్ని పుల్లమ్మ దిగమింగలేదు, పుట్టించినవాడి నోటితోనే పలికించింది. అలాంటి కాగితం మీ ముందుకూ వస్తుంది. అప్పుడు లేచి నిలబడండి. మర్యాదగానే అనండి, చదవండి సార్ అని.