బట్టల అలమరలో నిశ్శబ్దం

కాస్త చెవుడున్న మొగుడు దొరికిన ఆడవాళ్లు ఎంత అదృష్టవంతులో ఇల్లాలికి పెళ్లయ్యాకే తెలిసింది. చిన్న చప్పుడుకీ చిరాకుపడే ఆమె భర్త నవలలు పైకి చదివి రికార్డు చేసి స్టూడియోకి పంపుతాడు. బయటి చప్పుళ్లు పడకుండా బట్టల అలమరలో తల దూర్చి, వీపు మీద దుప్పటి కప్పుకుని చదువుతాడు. ఈసారి చివరి అధ్యాయం రెండుసార్లు తిరిగొచ్చింది. వెనకాల ఏదో చప్పుడుందట. సాయంత్రంలోగా సరిగ్గా పంపకపోతే పుస్తకం మొత్తం ఇంకో గొంతుకు ఇచ్చేస్తారట.

"ఇవాళ ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి," అని పొద్దున్నే ప్రకటించాడు.

గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన అత్తగారి లెక్కలో నిశ్శబ్దమంటే పెదవి విప్పకపోవడం. ఆవిడ పెదవి విప్పకుండానే కుర్చీని బరబరా ఈడ్చుకెళ్లి కిటికీ దగ్గర వేసుకుంది. కోడలితో పనిపడితే బల్ల మీద గరిటెతో కొట్టింది. ఆయన లెక్కలో ఫ్యాను, ఫ్రిజ్, గోడగడియారం అన్నీ నోరు మూయాలి. గడియారం బ్యాటరీ పీకేసి, ఫ్రిజ్ ప్లగ్గు తీసేశాడు. ఇల్లాలి లెక్కలో మాత్రం నిశ్శబ్దమంటే ఏదో చెడినట్టే. కుక్కరు కూయలేదంటే రబ్బరు పోయినట్టు, కుళాయి చప్పుడాగిందంటే నీళ్లాగినట్టు, మొగుడు మాట్లాడలేదంటే అలిగినట్టు.

స్టవ్ కూడా వెలిగించొద్దన్నాడు. మరి తిండి మాటేమిటని ఆమె అడిగింది.

"ఒక్కపూట తినకపోతే ఎవరూ పోరు."

మధ్యాహ్నం దాటాక దుప్పటితోనే బయటికొచ్చాడు. మళ్లీ అదే చప్పుడట. ముందు తల్లి గురక పెట్టిందన్నాడు. కళ్లు విప్పార్చి కూర్చున్న ఆవిడ కళ్లతోనే కొడుకుని కాల్చేసింది. తర్వాత పెళ్లాం దొంగచాటుగా ఏదో వండుతోందన్నాడు. ఆమె చల్లటి స్టవ్ వైపు చూపించింది. చివరికి హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి తగిలించి, చదివింది వినిపించాడు.

నవలలో నాయకుడు ప్రాణం విడిచాడు. గొంతు ఆగింది. ఆ ఖాళీలో, ఎక్కడో లోతులోంచి, 'గుర్ర్ర్' మంది.

ఇన్నేళ్లుగా వేళకి వండిపెట్టే మనిషికి ఆ చప్పుడేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు అరటిపళ్లు తెచ్చిచ్చింది.

"తినండి. వీటికి చప్పుడుండదు."

విసుక్కుంటూనే మూడూ మింగి అలమరలో దూరాడు. ఈసారి చప్పుడు పడలేదు. సాయంత్రానికి స్టూడియో నుంచి బాగుందని కబురొచ్చింది. ఆయన కాలరెగరేసి, దోషమంతా ఆ ఫ్రిజ్‌దేననీ, తను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాననీ అన్నాడు. ఇల్లాలు అవునంటూ తలూపింది. కాదంటే రుజువు చూపించాలి.

రుజువు దానంతటదే వచ్చింది. ముగ్గురి మధ్యా, 'గుర్ర్ర్' మంది.

అత్తగారు పొద్దుట్నుంచి మొదటిసారి పెదవి విప్పింది.

"ఫ్రిజ్ ప్లగ్గు ఇంకా పెట్టలేదుగా, నాన్నా?"

ఆయన ఫ్రిజ్ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, చివరికి తన పొట్ట వైపు చూసుకున్నాడు.

"తప్పు నాదే. ఆ చప్పుడు నాదే," అన్నాడు. "స్టవ్ వెలిగించవే."